వంతెనలు దించిన ఊరు



వేసిన రోడ్డును తీసేసిన ఒక ఊరి సంగతి ఈ పూట మీకు చెబుతాను. ఆ ఊరి పేరు హాలిఫాక్స్. కెనడా దేశానికి తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం. నోవా స్కోషియా రాష్ట్రానికి రాజధాని. ఆ ఊరి నడిబొడ్డున వంతెనలతో, ర్యాంపులతో కట్టిన పెద్ద రోడ్ల కూడలి ఒకటి ఉండేది. కాగ్స్‌వెల్ ఇంటర్‌ఛేంజ్ అనేవారు. 1970 నాటికి తయారైంది. యాభై ఏళ్ళు వాడుకున్నారు. తర్వాత నగరపాలక సంస్థే పూనుకుని దాన్ని పడగొట్టించింది. ఆ చోట మళ్ళీ మామూలు వీధులు వేయించింది. మనుషులు నడిచే వీధులు, సైకిళ్ళకు విడిగా దారి, చెట్లు, ఇళ్ళు కట్టడానికి స్థలాలు.

మన పిల్లలు కొందరు అక్కడి డల్హౌసీ, సెయింట్ మేరీస్ యూనివర్సిటీల్లో చదువుకుంటున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు ఎవరైనా ఇది వింటుంటే, ఈసారి ఫోన్లో మాట్లాడినప్పుడు అడగండి, కాగ్స్‌వెల్ దగ్గర ఇప్పుడెలా ఉందని. చూసినవాళ్ళు నాకన్నా బాగా చెబుతారు.

ఇంటర్‌ఛేంజ్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ఎక్కేటప్పుడు, శంషాబాదు దగ్గరో గచ్చిబౌలి దగ్గరో చూసే ఉంటారు. ఒక రోడ్డు పైనుంచి పోతుంది, ఇంకొకటి కిందనుంచి. ఒకదాని మీదినుంచి ఇంకొకదాని మీదికి వెళ్ళడానికి గుండ్రంగా తిరిగే ర్యాంపులు. సిగ్నలు ఉండదు. బండి ఆగే పనే ఉండదు. ఊరి బయట, దూరప్రయాణాల దారి మీద అది పనికొచ్చే ఏర్పాటే. నేను కాదనను.

కానీ దాని లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. వేగంగా వచ్చే బండి ఇరుకు మలుపు తిరగలేదు. అందుకని ర్యాంపు పెద్ద వంపు తిరగాలి. వంపు ఎంత పెద్దదైతే అంత నేల తినేస్తుంది. ఆ వంపు లోపల మిగిలిన నేలలో ఇల్లు కట్టలేరు, అంగడి పెట్టలేరు. అక్కడికి నడిచి వెళ్ళే దారే ఉండదు. గడ్డి మొలుస్తుంది, అంతే. హాలిఫాక్స్ నడిబొడ్డున ఇలా చిక్కుకుపోయిన నేల సుమారు 16 ఎకరాలు. రేవుకు ఆనుకుని, ఊరికంతటికీ విలువైన నేల.

ఆ ఊరు ఎలా ఉంటుందో కొంచెం ఊహించుకోండి. మధ్యలో ఒక గుట్ట. గుట్ట మీద నక్షత్రం ఆకారంలో పాత కోట. ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కోట మీద ఫిరంగి పేలుస్తారు. గుట్ట మీదినుంచి వాలుగా వీధులు కిందికి దిగుతాయి, నేరుగా రేవుకు. గుట్టకు ఉత్తరాన ఉన్న భాగాన్ని నార్త్ ఎండ్ అంటారు. కూలీనాలీ చేసుకునేవాళ్ళు, ఓడరేవులో పనిచేసేవాళ్ళు, నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా బతికిన చోటు. 1917 డిసెంబరు 6న రేవులో రెండు ఓడలు ఢీకొన్నాయి. అందులో ఒకదాని నిండా మందుగుండు. ఆ పేలుడుకు దాదాపు రెండు వేలమంది చనిపోయారు. నార్త్ ఎండ్‌లో పెద్ద భాగం నేలమట్టమైంది. ఆ దెబ్బనుంచి ఆ జనం లేచి నిలబడ్డారు, మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు.

నలభై ఏళ్ళకు ఇంకో దెబ్బ. ఈసారి అది కాగితం మీద వచ్చింది. 1957లో గోర్డన్ స్టీఫెన్‌సన్ అనే పట్టణ ప్రణాళికా నిపుణుడు నగరానికి ఒక నివేదిక రాసిచ్చాడు. ఊరి మధ్యలో జేకబ్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇళ్ళు పాతబడిపోయాయి, ఇరుకైపోయాయి, తీసేయండి అన్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో, కెనడాలో, ఇంగ్లండులో అదే ధోరణి. పాత పేటను బాగుచేయడం కన్నా పడగొట్టడమే అభివృద్ధి అనుకునేవారు. జేకబ్ స్ట్రీట్ చుట్టూ ఉన్న ఇళ్ళు కూల్చారు. అక్కడివాళ్ళలో చాలామందిని మల్‌గ్రేవ్ పార్క్ అనే కొత్త కాలనీకి పంపించారు. ఖాళీ అయిన నేల మీద స్కోషియా స్క్వేర్ అనే పెద్ద దుకాణాల సముదాయం, ఆఫీసు భవనాలు లేచాయి. పక్కనే మన ఇంటర్‌ఛేంజ్ వచ్చింది. జేకబ్ స్ట్రీట్ అనే వీధి మాత్రం పటంలోంచి పోయింది.

ఆ పదేళ్ళలోనే అదే నగరంలో ఇంకోటి జరిగింది. అది ఈ కూడలి చోట జరిగింది కాదు, కానీ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఊరికి ఉత్తరపు చివర, నీటి ఒడ్డున ఆఫ్రిక్‌విల్ అని నల్లజాతివాళ్ళ ఊరు ఉండేది. నగరం వాళ్ళ దగ్గర పన్నులు వసూలు చేసింది, నీళ్ళ కుళాయి మాత్రం వేయలేదు. 1960లలో ఆ ఊరినే తీసేశారు. పట్టా చూపించలేనివాళ్ళ చేతిలో 500 డాలర్లు పెట్టారు. వాళ్ళ సామాను చెత్త లారీల్లో వేసి తరలించారు. 1967లో వాళ్ళ చర్చిని ఒక రాత్రివేళ కూలగొట్టారు. 2010లో నగరం క్షమాపణ చెప్పింది. ఇవన్నీ ఒకే ఆలోచనలోంచి పుట్టినవి, శ్రోతలారా. పేదవాడు ఉన్న నేల ఖాళీ నేలతో సమానమనే ఆలోచన.

సరే, ఇంటర్‌ఛేంజ్ దగ్గరకు వద్దాం. అది ఎందుకు కట్టారు? దాన్నుంచి రేవు పొడుగునా, సముద్రం పక్కనే, హార్బర్ డ్రైవ్ అని ఒక పెద్ద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేద్దామనుకున్నారు. దాని మొదటి ముక్క ఈ కూడలి. రోడ్డు ముందుకు సాగాలంటే రేవు ఒడ్డున ఉన్న పాత రాతి గోదాములు పడగొట్టాలి. వందేళ్ళు దాటిన కట్టడాలవి. ఊళ్ళోవాళ్ళు ఎదురు తిరిగారు. పాత కట్టడాలను కాపాడాలనేవాళ్ళు గొంతెత్తారు, సభల్లో నిలదీశారు. చివరికి ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఆగిపోయింది. గోదాములు బతికాయి. ఇప్పుడు హిస్టారిక్ ప్రాపర్టీస్ పేరుతో ఆ ఊరు చూడటానికి వచ్చేవాళ్ళందరూ తిరిగే చోటు అదే.

గోదాములు దక్కాయి గానీ, కూడలి అప్పటికే కట్టేశారు. ముందుకు వెళ్ళాల్సిన రోడ్డు లేదు, దానికోసం కట్టిన వంతెనలు మాత్రం ఉన్నాయి. చొక్కా కుడతానని గుడ్డ తెచ్చి, ఒక్క చెయ్యి కుట్టి వదిలేసినట్టు. ఎక్కడికీ పోని రోడ్డుకు కట్టిన వంతెనలు యాభై ఏళ్ళు ఊరి మధ్యలో నిలబడ్డాయి. ఇది మళ్ళీ చెబుతాను, ఎందుకంటే చాలా ఊళ్ళలో జరిగేదే. పెద్ద పథకంలో మొదటి ముక్క కట్టేస్తారు. తర్వాతి ముక్కలు రావు. వచ్చిన ఆ ఒక్క ముక్కతో జనం బతకాలి.

దానితో బతకడం ఎలా ఉండేదో చూద్దాం. గాటింజెన్ స్ట్రీట్ అని నార్త్ ఎండ్‌లో ముఖ్యమైన బజారు వీధి ఉంది. అక్కడినుంచి ఒక పెద్దావిడ రేవు దగ్గరకు బయలుదేరింది అనుకుందాం. దూరం ఎంతో లేదు. పటం మీద గీత గీస్తే నడకకు పది నిమిషాల పైచిలుకు. కానీ దారిలో ఇంటర్‌ఛేంజ్ ఉంది. నేరుగా వెళ్ళే వీధి లేదు. ర్యాంపు అంచున సన్నటి కాలిబాట. పక్కనుంచి బళ్ళు రివ్వున పోతుంటాయి. ఆ వంపులో వచ్చే బండి ఆవిడకు కనిపించదు, ఆవిడ డ్రైవరుకు కనిపించదు. రేవు గాలి కొడుతుంది. చలికాలమైతే కాలికింద మంచు. దారిలో ఒక్క గుమ్మం లేదు, ఒక్క కొట్టు లేదు. కాలు నొప్పెడితే కూర్చోవడానికి అరుగు లేదు. ఆవిడ ఒకసారి వెళుతుంది. రెండోసారి బస్సు కోసం చూస్తుంది. మూడోసారి వెళ్ళడమే మానేస్తుంది.

అలా వెళ్ళడం మానేసినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. వంతెన మీద ఎన్ని బళ్ళు పోతున్నాయో లెక్కపెడతారు. దానికి మీటర్లు ఉన్నాయి, కెమెరాలు ఉన్నాయి. ఇంటి గడప దాటనివాళ్ళను లెక్కపెట్టే మీటరు లేదు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

గాటింజెన్ స్ట్రీట్ పేరు చెప్పాను కదా. ఆ వీధిలో వయోలా డెస్మండ్ అనే ఆవిడ బ్యూటీ పార్లర్ నడిపేది. నల్లజాతి మహిళ. 1946లో న్యూ గ్లాస్గో అనే ఊళ్ళో సినిమాకు వెళ్ళి, తెల్లవాళ్ళు కూర్చునే వరసలోంచి లేవనన్నందుకు ఆమెను జైల్లో పెట్టారు. ఇప్పుడు కెనడా పది డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. 2018లో వచ్చింది ఆ నోటు. మిగతా నోట్లలా అడ్డంగా కాకుండా నిలువుగా ఉంటుంది. ఆ నోటును కాస్త దగ్గరగా పట్టుకుని చూస్తే, ఆమె బొమ్మ వెనకాల రంగుల్లో ఒక పటం కనిపిస్తుంది. నార్త్ ఎండ్ వీధుల పటం అది. గాటింజెన్ స్ట్రీట్, రేవు ఒడ్డు, గుట్ట మీద కోట, అన్నీ అందులో ఉన్నాయి. మన పిల్లల జేబుల్లో కూడా ఆ పటం తిరుగుతూనే ఉంది.

మరి అంత పెద్ద కట్టడాన్ని తీసేయాలని నగరం ఎందుకు అనుకుంది? ఒక్క కారణం కాదు. కాంక్రీటు ముసలిదైంది. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు పగుళ్ళలోకి దిగి, లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తాయి. పాత వంతెనలను నిలబెట్టాలంటే మరమ్మతులకు డబ్బు పోస్తూనే ఉండాలి. అదే డబ్బుకు ఇంకొంత చేర్చి తీసేస్తే, ఊరి నడిబొడ్డున నేల దొరుకుతుంది. అమ్మడానికి స్థలాలు దొరుకుతాయి. ఏళ్ళతరబడి చర్చ జరిగింది. చివరికి సుమారు 12 కోట్ల డాలర్ల పథకం ఖాయమైంది. 2021 చివర్లో పని మొదలైంది.

పడగొట్టడం సులువే అనుకుంటాం మనం. ఒక రాత్రి మందుపాతర పెట్టి పేల్చే దృశ్యాలు టీవీలో చూశాం కాబట్టి. ఇక్కడ అలా కుదరదు. రోజూ బస్సులు, అంబులెన్సులు, ఆఫీసులకు పోయేవాళ్ళు ఆ దారినే పోవాలి. అందుకని ముందు పక్కనుంచి తాత్కాలికంగా ఒక రోడ్డు వేశారు. బళ్ళను దాని మీదికి మళ్ళించి, ఒక వంతెన తీశారు. మళ్ళీ దారి మార్చారు, ఇంకో ముక్క తీశారు. రోడ్డు కింద మంచినీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, కరెంటు తీగలు, ఫోన్ తీగలు ఉన్నాయి. వాటన్నిటినీ కొత్త వీధుల కిందికి మార్చాలి. పైకి కనిపించే పని కన్నా కింద జరిగిన పనే ఎక్కువ.

అందులో ఒక పని నాకు బాగా నచ్చింది. ఆ స్థలానికి దగ్గరలోనే ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. మనం స్నానం చేసిన నీళ్ళలో, గిన్నెలు కడిగిన నీళ్ళలో కొంత వేడి ఉంటుంది కదా. నట్టనడి చలికాలంలో కూడా ఆ మురుగునీరు చల్లబడిపోదు. ఆ వేడిని పట్టి, గొట్టాల్లో నీళ్ళకు ఎక్కించి, కొత్తగా కట్టే భవనాలకు పంపే ఏర్పాటు చేశారు. భవనంలో ఉన్న యంత్రం ఆ గోరువెచ్చదనాన్ని పెంచి గదులకు ఇస్తుంది. ఎండాకాలంలో అదే గొట్టాల ద్వారా గదుల వేడి బయటికి పోతుంది. వీధి ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి ఇది వీలైంది.

ఇక పైన ఏం చేశారు? ఇది మీరు శ్రద్ధగా వినాలి. మొదట గీసిన నమూనాలు చూసి జనంలో చాలామంది పెదవి విరిచారు. వంతెనలు తీశారు, బాగానే ఉంది. కానీ మళ్ళీ వెడల్పాటి రోడ్డే గీశారేమిటి అన్నారు. నేల మీద వేసినంత మాత్రాన వీధి అయిపోదు. ఎనిమిది వరసల రోడ్డు నేల మీద ఉన్నా, దాన్ని దాటలేని ముసలావిడకు అది వంతెనతో సమానమే. ఆ మాటలు విన్నారు, నమూనాలు మార్చారు.

నడిచేవాళ్ళకు అనువైన వీధికి, అనువు కాని వీధికి తేడా ఎక్కడ తెలుస్తుందో చెప్పనా? మూల మలుపు దగ్గర. వీధి మూల గుండ్రంగా, విశాలంగా ఉందనుకోండి. బండి వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. అదే మూల కోసుగా, ఇరుకుగా ఉంటే, డ్రైవరు తప్పనిసరిగా బ్రేకు వేయాలి. అప్పుడు దాటేవాళ్ళు కనిపిస్తారు. పైగా మూల ఇరుకైతే దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. బోర్డులు పెట్టక్కర్లేదు, పోలీసును నిలబెట్టక్కర్లేదు. అంచురాళ్ళు ఎలా పేర్చారన్నదే బండి వేగాన్ని నిర్ణయిస్తుంది. మీ వీధి చివర మూల ఎలా ఉందో రేపు ఒకసారి చూడండి. బండ్లు అక్కడ వేగం తగ్గిస్తున్నాయా, లేదా? తగ్గించకపోతే తప్పు డ్రైవరుది ఒక్కడిదే అనుకోకండి.

మరి బళ్ళన్నీ ఎటు పోతాయి అని అడుగుతారు. అడగాలి కూడా. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సముద్రం ఒడ్డున ఒక ఎత్తైన రోడ్డు ఉండేది. 1989 భూకంపంలో దెబ్బతింది. బాగుచేయడం మానేసి తీసేశారు. ఊరు స్తంభించిపోతుందని భయపెట్టినవాళ్ళున్నారు. స్తంభించలేదు. ఇప్పుడక్కడ జనం షికారు తిరుగుతున్నారు. కొరియా రాజధాని సోల్‌లో ఎత్తైన రోడ్డు తీసి, దాని కింద కప్పేసిన చొంగెచొన్ అనే వాగును 2005లో మళ్ళీ బయటికి తెచ్చారు. దారి మారితే జనం ప్రయాణం కూడా మారుతుంది. కొందరు బస్సెక్కుతారు, కొందరు వేరే వేళకు బయలుదేరతారు, కొందరు నడుస్తారు. హాలిఫాక్స్‌లో బళ్ళు మాయమైపోలేదు. అక్కడి బారింగ్టన్ స్ట్రీట్ అనే వీధి మీద ఇప్పుడూ తిరుగుతాయి. కాకపోతే ఊళ్ళో నడవాల్సిన వేగంతో తిరుగుతాయి.

మన దగ్గర సంగతి కూడా ఒక్క మాట చెప్పుకుందాం. మన నగరాల్లో ఇంకా వంతెనలు కట్టే కాలమే నడుస్తోంది. హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైన స్తంభాల మీద రోడ్డు ఉంది. విమానాశ్రయానికి వెళ్ళేవాళ్ళకు అది ఎంతో సుఖం. దాని కింద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు కూరలకు వెళ్ళే మనిషి సంగతి కూడా అంతే శ్రద్ధగా చూడాలి. ఉప్పల్ చౌరస్తాలో 2023లో నడిచేవాళ్ళ కోసం గుండ్రంగా స్కైవాక్ కట్టారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు. ఆ కూడలి దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సి వచ్చేది, కాబట్టి అది మంచి పనే. కానీ గమనించండి. బండి నేల మీదే ఉంది. మనిషే పైకెక్కాడు. లిఫ్టు ఆగిపోయిన రోజున మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ, బండి తోసుకుపోయే పండ్ల వ్యాపారి ఏం చేయాలి? నేల నడిచేవాళ్ళది. అది వాళ్ళకు మిగలాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే, అందుకే మళ్ళీ అంటున్నాను. నేల నడిచేవాళ్ళది.

హాలిఫాక్స్‌లో నేల తిరిగి వచ్చింది. ఎవరికి వచ్చింది అన్నది ఇంకా తేలలేదు. ఆ స్థలాల్లో మొత్తం మీద 2,500 మంది దాకా నివసించేలా ఇళ్ళు కట్టవచ్చని అంచనా. నేల నగరపాలక సంస్థది. ప్లాట్లు అమ్మాలి. ఎక్కువ ధర పెట్టినవాడికే అమ్మితే, రేవు కనిపించే గదులన్నీ డబ్బున్నవాళ్ళకు పోతాయి. జేకబ్ స్ట్రీట్ నుంచి లేపేసినవాళ్ళ మనవలు, మనవరాళ్ళు కొత్త వీధిలో నడవగలరు గానీ అక్కడ కాపురం పెట్టలేరు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఇంటి అద్దెలు ఎలా ఉన్నాయో అక్కడున్న మన పిల్లలకు బాగా తెలుసు.

ఆ స్థలానికి దగ్గరలోనే ఒక వీధికి కార్న్‌వాలిస్ అనే పేరు ఉండేది. 1749లో ఈ పట్నాన్ని నెలకొల్పిన ఇంగ్లీషు గవర్నరు ఆయన. ఆ నేలకు మొదటి వారసులైన మిక్‌మా జాతివాళ్ళను చంపినవాళ్ళకు బహుమతి ఇస్తానని ప్రకటించినవాడు కూడా ఆయనే. 2023లో ఆ వీధికి నోరా బెర్నార్డ్ స్ట్రీట్ అని పేరు మార్చారు. ఆమె మిక్‌మా మహిళ. చిన్నప్పుడు తల్లిదండ్రుల దగ్గరనుంచి దూరం చేసి బలవంతపు బడిలో వేసిన పిల్లల్లో ఆమె ఒకరు. పెద్దయ్యాక అలాంటి వేలమంది తరఫున కోర్టుకెక్కి, ప్రభుత్వం చేత పరిహారం ఇప్పించారు.

పేరు మార్చడానికి వెనకాడని నగరం, ప్లాట్లు పంచేటప్పుడు కూడా అంత ధైర్యం చూపాలని నా కోరిక. కొన్ని స్థలాలు మామూలు జీతగాళ్ళు అద్దె కట్టగలిగే ఇళ్ళకు కేటాయించాలి. పెద్ద పెద్ద ప్లాట్లు కాకుండా చిన్నవి కోయాలి. కింది అంతస్తులో వీధివైపు గుమ్మాలుండాలి. రొట్టెల కొట్టు, మంగలి కొట్టు, పిల్లల బడి రావాలి.  గొట్టాలు వేయడం అయింది, అంచురాళ్ళు పేర్చడం అయింది. ఆ ప్లాట్లు ఎవరి చేతికి వెళ్ళాలో తేల్చేది ఇక ఇంజనీర్లు కారు, నగర కౌన్సిల్లో చెయ్యెత్తే సభ్యులు. ఆ ఓట్లు పడే రోజున నార్త్ ఎండ్ జనం ఆ హాల్లో ఉండాలి.